వైద్యుని మనోభారము



మన యింటిలో నొకరికి జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేర్చినపుడు, రాత్రియంతయు వసారాలో కూర్చుండి, తెల్లవాఱగనే కనబడిన నర్సును మన మడుగు ప్రశ్న యొక్కటే: "మావాని కెట్లున్నదమ్మా?" అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని యా రాత్రి యామె యెన్ని మంచముల ప్రక్కన నిలిచినదో, అందులో నెవరు తెల్లవాఱక మునుపే కన్నుమూసిరో, ఆ చనిపోయినవాని తల్లికి వార్త చెప్పవలసివచ్చిన దెవరికో మన మడుగము. అడుగవలెనని మనకు తోచనైన తోచదు. పెండ్లి భోజనములో వడ్డించువాని యాకలి యెవరికి గుర్తుండును?

రోగులకు సేవ చేయువారి మనోభారము, ఆ భారమును మోయుటకును దించుకొనుటకును వారికి శిక్షణ యీయవలెనను తలంపు లోకమున నెట్లు పుట్టినది, ఎన్ని తప్పుత్రోవలు తొక్కి యిప్పటి రూపమునకు వచ్చినది అనునది నేటి ప్రసంగ విషయము. దీనినే ఈ కాలమువారు స్ట్రెస్ మేనేజ్‌మెంటు శిక్షణ యందురు. పేరు క్రొత్తది, సంగతి పాతది.

ఎంత పాతదో తెలియుటకు చరకసంహితను చూడవలెను. సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయమందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. పరిచారకుని గుణములలో ఉపచారము తెలిసియుండుట, నేర్పు, శుచిత్వము అనువానితోబాటు రోగియెడ అనురాగమును గూడ చేర్చిరి. అనగా జీతమిచ్చి పరిచారకుని చేతులను మాత్రము తెచ్చుకొన్న చాలదు. మనస్సును గూడ నక్కడ నుండవలెను. మనస్సున్నచోట నొప్పి యుండక తప్పునా?

ఆ యధ్యాయమందే వైద్యుని వర్తనము నాలుగు విధములని చెప్పియున్నారు. ఎల్లవారియెడ మైత్రి, బాధపడువారియెడ కరుణ, నయముచేయ శక్యమైనవారియెడ ప్రీతి, మరణమునకు సమీపించినవారియెడ ఉపేక్ష. ఈ కడపటి మాట విని కొందఱు ఉలికిపడవచ్చును. నేటి వాడుకలో ఉపేక్ష యనగా నిర్లక్ష్యము. చెఱువుగట్టుకు గండిపడినను కదలని యధికారిని ఉపేక్షించినాడందుము. ఇక్కడి యర్థ మది కాదు. యోగశాస్త్రమునందును బౌద్ధుల గ్రంథములందును మైత్రీ కరుణలతో జతపఱచి చెప్పబడిన ఉపేక్షయే యిది. సమచిత్తముతో నిలుచుట యని దీని భావము. తన చేయి దాటిపోయినదానిని తన గుండె కెత్తుకొని వైద్యుడు క్రుంగిపోరాదని నేను దీనికి చేసికొన్న యర్థము.

ఆ గుణ మెంత యవసరమో పూర్వులు గ్రహించిరి. కాని యిరువదియేండ్ల పడుచువాడు తన చేతిలో మొదటి రోగి చనిపోయిన రాత్రి ఆ గుణమును ఎక్కడనుండి తెచ్చుకొనవలెను? ఎవరు నేర్పవలెను? దీనికి సమాధానము అక్కడ లేదు. దాని కొఱకు వెదకినవారి కథ చాల కాలము తరువాతిది, చాల దూరదేశపుది.

ఐరోపాలో నర్సుల వృత్తికి గౌరవము తెచ్చిన ఫ్లారెన్సు నైటింగేలు పేరు మీరు వినియుందురు. 1854వ సంవత్సరము నవంబరులో ఆమె 38 మంది స్త్రీలతో తురుష్కదేశమున స్కుటారి సైనికాసుపత్రికి చేరి చేసిన సేవ లోకప్రసిద్ధము. ఆ యుద్ధమునుండి తిరిగివచ్చిన పిదప ఆమె స్వయముగా రోగపీడితయై అనేక సంవత్సరములు తన గది విడువలేక పడకనుండియే పని చేసినదను సంగతి యంత ప్రసిద్ధము కాదు. 1860లో లండనులో ఆమె పేర నర్సుల పాఠశాల వెలసెను. అందు చేరిన యువతుల నడవడిని గుఱించి నెలనెలయు పట్టిక వ్రాయుచుండిరి. వేళ తప్పకుండుట, నెమ్మది, నమ్మకము, శుభ్రత, వార్డును చక్కదిద్దుట, వీని కన్నింటికిని గడులుండెను. దుఃఖమునకు గడి లేదు. నేను దీనిని తప్పుగా చెప్పుట లేదు. అంతకుముందు నర్సు లనగా లోకమునకున్న చులకనను పోగొట్టుటకు ఆ కట్టుబాటు కావలసియుండెను. అయినను ఏడ్పును దాచుకొనుటయే మంచి నర్సు లక్షణమను నమ్మకము అప్పటినుండి నూఱేండ్లు వేళ్ళు తన్ని నిలిచినది.

భారము వలన శరీరమే చెడునని ప్రయోగముచేత చూపినవాడు హాన్స్ సెల్యీ యను వైద్యుడు. కెనడాదేశమున మాంట్రియలు నగరమున నాయన ఎలుకలను చలికిని గాయములకును అధిక శ్రమకును విషౌషధములకును గుఱిచేసి చూచెను. బాధ లేవైనను లోపల గలిగిన మార్పు లొకటియే: మూత్రపిండములపై నుండు గ్రంథులు ఉబ్బెను, ఱొమ్ములోని థైమసు గ్రంథి కృశించెను, కడుపులో పుండ్లు పడెను. 1936లో ఈ సంగతి నాయన చిన్న లేఖగా ప్రకటించెను. భారము పడగానే జీవి మొదట ఉలికిపడును, పిదప ఓర్చుకొనును, తుదకు శక్తి యుడిగి కూలును. బండికి ఎత్తరాని బరువు నెత్తినపుడు ఎద్దు నడచు తీరు నెఱిగిన మీకు దీనికి వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు. రెండవ దశయే మోసకరమైనది. ఓర్చుకొనుచున్న యెద్దును చూచి బరువు సరిపోయినదని యజమాని యనుకొనును.

ఇక మన కథ లండనునకు పోవలెను. 1948వ సంవత్సరము జూలై 5వ తేదీన ఇంగ్లండులో జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమయ్యెను. ధనికులు దరిద్రులను భేదము లేక యెల్లరకును వైద్యము ఉచితము. ఇంతటి ధర్మకార్యము లోకమున నరుదు. కాని దాని బరువు పేటలలోను పల్లెలలోను నుండు సామాన్య వైద్యునిమీద పడెను. కొలువుగది నిండ జనము. ఒకడు తలనొప్పి యని వచ్చును. పరీక్షింపగా నేమియు కనబడదు. మందిచ్చి పంపగా మఱుసటి వారము కడుపునొప్పి యని వచ్చును. లోపల నుండునది పోయిన బిడ్డ జ్ఞాపకమో, యింటిలోని కలహమో. వైద్యశాస్త్ర గ్రంథములలో దీనికి మందు లేదు. అట్టి రోగిని చూడగానే వైద్యునికి విసుగు పుట్టును; విసుగు పుట్టినందుకు సిగ్గు పుట్టును; ఆ సిగ్గును చెప్పుకొనుటకు తోడు లేదు.

ఈ వైద్యుల నొకచోట చేర్చినవాడు మైఖేలు బాలింటు. ఈయన 1896లో హంగరీదేశపు బుడాపెస్టు నగరమున నొక సామాన్య వైద్యుని కుమారుడై పుట్టెను. తాను మనోవైద్యము నభ్యసించెను. స్వదేశమున నుండగానే వైద్యులను గూర్చి రోగులను గుఱించి మాటాడించు ప్రయత్న మొకటి చేసెను. కాని యప్పటి ప్రభుత్వమునకు నలుగురు కూడిన ననుమానమే. సభకు మామూలు దుస్తులలో నొక పోలీసువాడు వచ్చి కూర్చుండి ప్రతి మాటయు వ్రాసికొనుచుండెను. గుండె విప్పి మాటాడవలసిన చోట చెవి యొగ్గి వ్రాసికొనువా డుండగా నేమి మాటాడుదురు? ఆ సభ యట్లే యణగిపోయెను. 1939లో నాయన ఇంగ్లండునకు వలసపోయెను. ఆ యేడే భార్య మరణించెను. 1945లో స్వదేశమున నాయన తలిదండ్రులు, తమ్ము నిర్బంధింప వచ్చుచున్నారని యెఱిగి తామే ప్రాణములు విడిచిరి.

అట్టి మనుష్యుడు 1950లో లండనులోని టావిస్టాకు క్లినిక్కున సామాన్య వైద్యుల నొక చిన్న గుంపుగా చేర్చెను. తరువాత నాయనకు భార్యయైన ఈనిడ్ అను విదుషి ఇందు తోడుపడినది. దాంపత్య కలహములలో సాయపడు సేవకురాండ్రను కూర్చుండబెట్టి మాటాడించు పద్ధతి నామె యంతకుముందే నడపుచుండెను. వైద్యులు వారమున కొకసారి గుండ్రముగా కూర్చుందురు. ఒకడు తన రోగి నొకనిని గుఱించి చెప్పును. చేతిలో కాగితము లుండరాదు. జ్ఞాపకమున్నంత చెప్పవలెను. ఏది మఱచెనో, ఎక్కడ తడబడెనో, అదియు నొక సమాచారమే. తక్కినవారు విందురు, అడుగుదురు. ఇట్లు చేయవలసినది, అట్లు చేయరాదు అని తీర్పు చెప్పుట అక్కడి మర్యాద కాదు. మొదట ఉపన్యాసములు చెప్పిచూచి అవి పనికిరావని మానుకొనిరి. ఉపన్యాసము చేయుచు నేనీ మాట చెప్పుట కొంత వింతయే!

బాలింటు కనుగొన్న ముఖ్యవిషయ మొకటి కలదు. సామాన్య వైద్యుడు ఎక్కువగా వాడు మందు తానే. తన రాక, తన చూపు, తన మాట, ఇవియే మందు. కాని యా మందునకు మోతాదెంత, దానివలన హాని యేమి, రోగి దానికి దాసుడగునా అనుట యే గ్రంథమునను లేదు. మందే యలసినచో, పులిసినచో, రోగికి లాభ మేమి? తన తెలివితక్కువను తోటివారి యెదుట ధైర్యముగా బయటపెట్టుటను బాలింటు మిక్కిలి మెచ్చుకొనువాడు. ఈ శిక్షణ వలన వైద్యుని స్వభావములోనే కొంత మార్పు రావలెననియు, అది నెలలలో వచ్చునది కాదు, సంవత్సరములు పట్టుననియు ఆయన యభిప్రాయము. 1957లో ఇదంతయు నొక గ్రంథముగా వెలువడెను. ఆయన యుద్దేశించినది రోగిని బాగుగా తెలిసికొనుట. వైద్యుని బరువు తగ్గించుట కాదు. కాని చెప్పుకొన్నవాని బరువు తగ్గుట సహజము గనుక, తరువాతివారు ఆ పేరనే బాలింటు గుంపులను పలు దేశములలో నేఱ్పఱచిరి.

వైద్యుల సంగతి యిట్లుండగా, నర్సుల సంగతి యింకను కఠినము. దానిని బయటపెట్టినది ఇజబెల్ మెంజీస్ అను స్కాట్లండు వనిత. 1950-60 మధ్య లండనులోని యొక పెద్ద యాసుపత్రివారు ఆమె పనిచేయు సంస్థను సలహా యడిగిరి. వారి కష్టము పైకి చిన్నది: నేర్చుకొనుచున్న నర్సులను ఏ వార్డుకు ఎందఱిని పంపవలెను, చదువునకు వేళ యెట్లు మిగుల్చవలెను అని. ఆ యాసుపత్రిలో సుమారు 700 మంది నర్సు లుండగా, శిక్షణ ముగించినవారు సుమారు 150 మంది మాత్రమే, తక్కినవారు విద్యార్థినులు. అనగా రోగుల బరువంతయు పదునెనిమిది, ఇరువది యేండ్ల పిల్లలమీద. మెంజీసమ్మ వారితో మాటాడి, వార్డులలో నిలిచి చూడగా, లెక్క చిక్కు వెనుక భయము కనబడెను.

ఒక పిల్ల యొక రోగికి అన్ని సేవలును చేయుట యక్కడ లేదు. ఒకతె వార్డులోని యందఱికిని జ్వరము కొలుచును, ఇంకొకతె యందఱికిని పాత్ర లందించును. ఆ విధముగా నే యొక్కరితోను చుట్టరికము కలుగదు. రోగిని పేరుతో పిలువరు. ఫలాని మంచములోని కాలేయము, ఫలాని మంచములోని న్యుమోనియా యందురు. ఎట్లు చేసిన తేలికో ఆలోచింపరాదు. పట్టికలో నెట్లున్న నట్లే, ప్రతి దినము నొకటే తీరున చేయవలెను. డాక్టర్లు వచ్చువేళకు ముఖములు కడిగియుండవలెనని నిద్రపోవు రోగులను పెందలకడనే లేపుదురు. చిన్న నిర్ణయమునైన నొకరు చేసి, మఱియొకరు చూచి, వేఱొకరు మఱల చూడవలెను. ఎవరి తప్పో తేలకుండ నుండుటకు. ఒక వార్డునకు అలవాటుపడిన పిల్లను చెప్పకయే వేఱొక వార్డునకు మార్చుదురు. మంచి నర్సునకు మార్పు బాధ కలిగింపదని పెద్దల సిద్ధాంతము.

ఈ యేర్పాటులన్నియు క్రూరులు చేసినవి కావు. ఇదియే యామె పరిశోధనలోని ప్రాణము. ప్రతి దినము చావును, పుండును, పరాయివాని దిగంబర శరీరమును చూచుట వలన కలుగు కలవరమునుండి మనస్సును కాపాడుకొనుటకు తరతరములుగా తెలియకయే కట్టుకొనిన గోడ లవి. ఏడ్చుచున్న పిల్లకు పెద్ద నర్సు చెప్పునది మందలింపే: గుండె చిక్కబట్టుకొని పనికి పొమ్మని. విడిగా మాటాడించినపుడు ఆ పెద్ద నర్సులే, తామును ఆ యీడున నట్లే యేడ్చితిమని, ఆ పిల్లల నోదార్చవలెనని యున్నను ఎట్లో తెలియదని చెప్పిరట. గోడలు కలవరమును ఆపలేదు. చేరిన విద్యార్థినులలో మూడవవంతు చదువు ముగింపకయే వెడలిపోవుచుండిరి. వారిలో నెక్కువమంది తమంతట తామే. వెడలినవారు చేతకానివారా యనగా కాదు. బాగుగా ఆలోచింపగలవారును, రోగియెడ మనసు పెట్టగలవారును వారిలో నుండిరని యామె బాధతో గుర్తించెను.

1960లో ఈ వ్యాసము ప్రకటింపబడినది. ఆసుపత్రులు వెంటనే మారినవా? లేదు. పాతగోడ పడగొట్టిన నెత్తిన పడునేమో యను భయము వారికి. అయినను ఏండ్లు గడచిన పిదప ఎముకల జబ్బులతో నెలల తరబడి మంచముపై నుండు పసిపిల్లల యాసుపత్రి వార్డులో నామె సలహా నడచినది. అక్కడ ఒక్కొక్క బిడ్డ నొక్కొక్క నర్సునకు అప్పగించిరి. బిడ్డ యిల్లు చేరునాడు నర్సుకు దుఃఖము కలుగును. కలుగనిచ్చిరి, దానిని గుఱించి మాటాడనిచ్చిరి.

అటుపిమ్మట కథ అమెరికాకు మాఱినది. ఫ్రాయిడెన్‌బర్గరు అను మనోవైద్యుడు బాల్యమున జర్మనీనుండి హిట్లరు బారి తప్పించుకొని వచ్చినవాడు. న్యూయార్కులో పగలంతయు తన వృత్తి చేసికొని, రాత్రివేళ దిక్కులేని యువకుల కొఱకు నడచు ఉచిత వైద్యశాలలో పనిచేయుచుండెను. తానును తోటి సేవకులును క్రమముగా విసిగి, కోపిష్ఠులై, తుదకు దేనియందును పట్టులేనివారగుట నాయన గమనించెను. దానికి 1974లో బర్నవుట్, అనగా కాలి యారిపోవుట, అని పేరుపెట్టి వ్రాసెను. వత్తి చివరకంట మండి దీప మారినట్లన్నమాట. 1981లో క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ అను విదుషీమణులు దీనిని కొలుచుటకు 22 వాక్యములుగల ప్రశ్నపత్రము తయారుచేసిరి. మనస్సు వట్టిపోవుట, ఎదుటివానిని మనిషిగా కాక వస్తువుగా చూచుట, తాను చేయునదంతయు వ్యర్థమని తోచుట, ఇవి మూడును దాని లక్షణములు. లండను వార్డులోని కాలేయము, న్యుమోనియాలు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి గదా.

వైద్యుని యలసట రోగి ప్రాణముమీదికి వచ్చునను భయమును లోకమున కెఱిగించినది 1984 మార్చిలో న్యూయార్కు నగరపు ఒక యాసుపత్రిలో 18 ఏండ్ల బాలిక మరణము. ఆ రాత్రి యామెను చూచినవారు అనుభవము చాలని చిన్న వైద్యులు. ఏకబిగిని 36 గంటలు పనిచేయుట వారికి మామూలు. మరణకారణము గుఱించి చాల వాదములు జరిగినవి. తండ్రి పత్రికారచయిత, ఊరకుండలేదు. తుదకు 1989లో ఆ రాష్ట్రమున శిక్షణలోనున్న వైద్యులు వారమునకు 80 గంటలకు మించియు, ఏకబిగిని 24 గంటలకు మించియు పనిచేయరాదని నియమము వచ్చినది. 2003లో 80 గంటల హద్దు దేశమంతటికి వర్తించినది. వారమునకు ఏడు దినములును లెక్కించినను దినమునకు 11 గంటలకు పైబడునది దయగా తోచినదన్నచో, అంతకు ముందెట్లుండెనో ఊహింపుడు.

ఇటుపైని శిక్షణ రెండు త్రోవల నడచినది. ఒకటి మనస్సును తీర్చుకొను త్రోవ. 1979లో మసాచుసెట్సు రాష్ట్రమున జాన్ కబాట్-జిన్ అనువాడు బౌద్ధుల ధ్యానమును, మన యోగాభ్యాసమును కలిపి, మతసంబంధమైన మాటలు లేకుండ, కొన్ని వారముల పాఠముగా రోగులకు నేర్పెను. తరువాత వైద్యులును నర్సులును దానిని నేర్చుకొనిరి. న్యూయార్కు రాష్ట్రపు రాచెస్టరులో 70 మంది వైద్యులు ఎనిమిది వారములు వారమునకు రెండున్నర గంటలు, పిదప పది నెలలు నెలకొకసారి కూడి ధ్యానము చేసిరి, తమ రోగుల కథలు చెప్పుకొనిరి. వారి మనోభారము తగ్గినదనియు, రోగులయెడ ఆదరము పెరిగినదనియు 2009లో ఫలితములు ప్రకటించిరి. చరకుడు చెప్పిన ఉపేక్ష సముద్రములు దాటి తిరిగివచ్చినట్లు నాకు తోచుచున్నది.

రెండవది కలిసి మాటాడు త్రోవ. బోస్టను నగరమున కెన్నెత్ ష్వార్ట్జ్ అను న్యాయవాదికి నలుబదియేండ్ల వయస్సున ఊపిరితిత్తులలో పుట్టకుఱుపు కలిగెను. శస్త్రచికిత్సకు మునుపు పరీక్షించిన నర్సు మొదట కటువుగా, తొందరగా మాటాడినది. తన రోగమును, రెండేండ్ల కుమారుని సంగతిని ఆయన చెప్పగా నామె స్వరము మారినది. మాటలు ముగియునప్పటికి కన్నులు తుడుచుకొనుచుండెను. తనకు సేవచేసినవారి యిట్టి దయయే రోగబాధను సహింపజేసినదని 1995లో నాయన పత్రికలో వ్రాసెను. ఆ యేడే మరణించెను. ఆయన పేర 1997లో మొదలైన సభలలో శస్త్రవైద్యుడు మొదలు వార్డు నూడ్చువాని వరకు అందఱును ఒకచోట గంటసేపు కూర్చుందురు. ముగ్గురు నలుగురు తమ మనస్సును నొప్పించిన సంఘటనను చెప్పుదురు. చికిత్స సరియా తప్పా యను చర్చ లేదు. 2009లో ఈ పద్ధతి ఇంగ్లండునకును వచ్చినది.

రెండు త్రోవలును మంచివే. కాని నే నొక సంశయమును దాచుకొనను. బస్తాలు రెండు తీసివేయుటకు మాఱుగా మోయువానికి ఊపిరి పీల్చు విధము నేర్పుట కొన్నిచోట్ల జరుగుచున్నది. అట్టి శిక్షణకు పోయి వచ్చిన నర్సు, తాను భరింపలేకపోవుట తన లోపమే యనుకొనును. 2019లో ప్రపంచారోగ్యసంస్థ బర్నవుటును రోగముగా కాక, పనిచోట ఎడతెగని భారము సరిగా చక్కదిద్దబడకపోవుట వలన కలుగు స్థితిగా వర్ణించినది. ఈ మాటలో తప్పు మనిషిలో లేదు, పనిచోట నున్నది.

మరుసటి యేడే కోవిడు వచ్చినది. 2020 ఏప్రిలులో న్యూయార్కులో అత్యవసర వైద్యమునకు నాయకురాలైన డాక్టరు లోర్నా బ్రీన్, తానును జ్వరపడి లేచి, మఱల పనికి పోయి, తుదకు తన ప్రాణము తానే తీసికొనెను. సాయ మడిగినచో వైద్యవృత్తికే మోసము వచ్చునని యామె భయపడినట్లు బంధువులు చెప్పిరి. ఆమె పేర 2022 మార్చిలో అమెరికాలో శాసనము వచ్చినది; ఆరోగ్యసేవకుల మనస్స్వాస్థ్య శిక్షణకు ధన మిచ్చుట అందలి ముఖ్యాంశము. మన దేశమున 2020 ఏప్రిలులో, ఆరోగ్యసేవకులను కొట్టినవారికి కఠినశిక్ష విధించుచు 1897 నాటి అంటురోగముల చట్టమును సవరించిరి. దెబ్బలనుండి కాపాడుటకు చట్టము వచ్చినది. దుఃఖమునుండి కాపాడుటకు చట్టమెక్కడిది?

మన చిన్న వైద్యుల పనివేళల సంగతి చూడుడు. దినమునకు 12 గంటలు, వారమునకు 48 గంటలు సాధారణముగా మించరాదని 1992లోనే కేంద్రప్రభుత్వ నియమము కలదు. 2024 ఆగస్టులో కలకత్తాలో శిక్షణ పొందుచున్న యొక వైద్యురాలు, సుమారు 36 గంటల విధి నడుమ, విశ్రాంతికి తగిన గదిలేక సమావేశమందిరమున నిద్రించుచుండగా అత్యాచారమునకు గుఱియై హతురా లయ్యెను. దేశము ఉడికిపోయినది. సుప్రీంకోర్టు ఆ నెలలోనే వైద్యుల రక్షణకై ఒక జాతీయ సంఘమును నియమించినది. ఆ యేడే వైద్యవిద్యార్థుల మనస్స్వాస్థ్యమును విచారించిన వేఱొక నిపుణుల సంఘము వారమునకు 74 గంటలకు మించరాదని, వారమున కొక దినము సెలవీయవలెనని సలహా చెప్పెను. 48 అని వ్రాసికొని ముప్పదియేండ్లైన పిదప 74 కొఱకు ప్రాధేయపడుట!

ఇక మన గ్రామములు. 2005లో మొదలైన పథకమువలన నూరూర ఆశా కార్యకర్త లేర్పడిరి. దేశమందు సుమారు పదిలక్షల మంది. 2022లో ప్రపంచారోగ్యసంస్థ వారిని సన్మానించినది. గర్భిణిని అర్ధరాత్రి ఆటోలో నెక్కించునది ఆమె. పురిటిలో బిడ్డ పోయిన యింటికి మఱునాడు పోయి కూర్చుండునదియు ఆమె. ఆమె మన యూరి కోడలే, మన వీధిలోనే యుండును. 2022 అక్టోబరునుండి టెలీ మానస్ అను ప్రభుత్వ సేవ యున్నది. 14416 సంఖ్యకు ఎవరైనను, ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మనసు విప్పి చెప్పుకొనవచ్చును. ఆమెయు చేయవచ్చునని యామెకు చెప్పువారు కావలెను.

గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషణ సంఘమున మీలో పలువురు సభ్యులై యుందురు; ఆశా కార్యకర్తయు నందు సభ్యురాలే. ఆ సమావేశమున టీకాల లెక్క, కాన్పుల లెక్క, మురుగుకాలువల లెక్క చదువుదురు. లెక్కలు ముగిసిన పిదప పుస్తకములు మూసి, అరగంటసేపు ఆమెను, నర్సును ఆ నెలలో వారికి కష్టముగా తోచిన యింటిని గుఱించి చెప్పుమని యడుగవచ్చును. ఎవరును వ్రాసికొనకూడదు. ఇట్లు చేయవలసినది అని సలహా చెప్పకూడదు. పెద్దలకు నిది కొంచెము కష్టము. ఆమె చెప్పినది ఆ గది దాటి పోరాదు. మొదటి నెల యామె యేమియు చెప్పకపోవచ్చును. రెండవ నెలయు చెప్పకపోవచ్చును. బాలింటు వైద్యులకు సంవత్సరములు పట్టినవి.